ఉస్తాద్ గీసిన గీత, నేను చేసిన పేజీ

కొత్తగా ఫ్యాక్టరీల్లో కంప్యూటరు పనికి చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "సార్, మీ సర్వీసు మొత్తంలో మీరు చేసిన పెద్ద ప్రాజెక్టు ఏది?" అని అడుగుతారు. ఫ్యాక్టరీ మొత్తాన్ని నడిపిన పెద్ద ప్రోగ్రాం ఏదో చెబుతానని వాళ్ల ఆశ. నేను ఒక పేజీ అంటాను. బ్రౌజరులో తెరుచుకునే ఒకే ఒక్క పేజీ. నాలుగు గడులు, ఒక బటను, కింద ఒక వంకర గీత. వాళ్లు నా వయసుకు మర్యాదిచ్చి నవ్వు ఆపుకుంటారు. మీరూ ఆపుకోనక్కర్లేదు. కాకపోతే ఆ పేజీ కోసం నేను ఒక పెద్దమనిషి అన్నం గిన్నె దాకా చెయ్యి పెట్టాను. అది చెప్పాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

మా షాపు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఉండేది. నేను పోతిరెడ్డిపల్లిలో కిరాయికి ఉండి రోజూ బస్సులో వెళ్లేవాణ్ని. మందుల ఫ్యాక్టరీలకు కావలసిన పెద్ద పెద్ద ట్యాంకులు, వాటిని కలిపే లావు గొట్టాలు మా దగ్గర తయారయ్యేవి. బజారులో దొరికే పైపులు కావు. మందపాటి ప్లేటును నేల మీద పరిచి, గీత గీసి, గ్యాసుతో కోసి, రోలింగ్ మిషనులో చుట్టి, అతికితే అది పైపు అవుతుంది. ఈ వరుసలో గీత గీయడమే అసలు పని. మిగిలినవాళ్లందరూ ఆ గీత వెంట నడిచేవాళ్లే. గీత తప్పితే ప్లేటు తుక్కు.

ఆ గీత గీసే మనిషిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయనది కంది అనే ఊరి దగ్గర పల్లె. ఇంట్లో నాలుగెకరాల సేద్యం ఉండేది, అన్నలు చూసుకునేవారు, ఈయన పద్దెనిమిదేళ్లకే ఇనుము వైపు వచ్చాడు. నేను చెప్పే నాటికి రిటైర్మెంటుకు ఇంకో మూడేళ్లు ఉన్నాయేమో. తెల్ల బనీను, పైన ఖాకీ చొక్కా, చెవి మీద సుద్దముక్క. చదువు ఐదో తరగతి. ఆయన ప్లేటు మీద వంగి కూర్చుంటే షాపులో ఎవరూ పలకరించేవాళ్లు కాదు.

ఆయనకో అలవాటు ఉండేది. ఆయన ఒక్కడికే కాదు, ఆ తరం మార్కింగ్ ఉస్తాదులందరికీ ఉండేదట. పక్కన నేల మీద సుద్దతో ఏవేవో బొమ్మలు, అడ్డగీతలు, నిలువుగీతలు గీసుకునేవాడు. వాటినుంచి కొలతలు తీసి ప్లేటు మీద చుక్కలు పెట్టేవాడు. సన్నని స్టీలు పట్టీని ఆ చుక్కల మీదుగా వంచి గీత లాగేవాడు. గీత వెంట పంచ్‌తో గాట్లు కొట్టేవాడు. ఆ పైన తడిబట్ట తీసుకుని నేల మీద బొమ్మలన్నీ తుడిచేసేవాడు. ఫిట్టర్లు వచ్చేసరికి ప్లేటు మీద ఒక్క చివరి గీతే మిగిలేది. అది ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. తుడవడంలో దాపరికం ఉందని అందరికీ తెలుసు, ఎవరూ తప్పు పట్టలేదు. ఆయన ఉస్తాద్ కూడా అలాగే తుడిచేవాడట.

ఇక నా సంగతి. నేను కంప్యూటరు సెక్షన్ ఇన్‌చార్జిని. సెక్షన్ అంటే నేనూ, ఒక ఏసీ గదీ. ఏసీ నా కోసం కాదు, యంత్రాల కోసం. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు అవి. మా ఆఫీసుకు అప్పుడే బ్రాడ్‌బ్యాండు వచ్చింది. ఒకరోజు ఏదో వెతుకుతుంటే గణితం చేసే సాఫ్ట్‌వేరు ఒకటి కంటపడింది. ఓపెన్ సోర్స్ అన్నారు. అంటే దాని లోపలి రాతంతా తెరిచే ఉంటుంది. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఊరికే వాడుకోవచ్చు. దించుకోవడానికి మూడు రోజులు పట్టింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి మళ్లీ మొదటికొచ్చింది.

తెరిస్తే నల్లటి తెర, దాని మీద మినుకుమనే ఒక గుర్తు. అంతే. నేను ఇంటర్‌లో రెండుసార్లు తప్పిన లెక్క లాంటిదొకటి గుర్తు తెచ్చుకుని టైపు చేశాను. వేలు తీసేలోపు జవాబు వచ్చింది. ఇంకొకటి ఇచ్చాను. వచ్చింది. మా కాలేజీ లెక్చరరు నల్లబల్ల నిండా రాసి, పీరియడ్ అయిపోయిందని వదిలేసిన లెక్క ఇచ్చాను. అదీ వచ్చింది. నోరు తెరుచుకుని కూర్చున్నాను. తర్వాత లోపలి రాత తెరిచి చూశాను. వేల వరుసలు. మధ్య మధ్య ఎవరెవరో రాసిన మాటలు. ఈ పద్ధతి ఫలానా చోట పనిచేయదు, జాగ్రత్త అని ఒకరు. ఇది నేను సరిదిద్దాను, ఇంకా అనుమానంగా ఉంది, ఎవరైనా చూడండి అని ఇంకొకరు. ఏ దేశాలవాళ్లో, ముఖాలు తెలియవు, ఒకరికొకరు కూడా తెలిసి ఉండరు. నా ఏసీ గదిలో నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అబద్ధమెందుకు, కళ్లు చెమర్చాయి కూడా.

అంత గొప్ప వస్తువు ఆ నల్లతెర వెనక ఉండిపోతే మా షాపులో ఎవరికి పనికొస్తుంది? అక్కడ టైపు చేయాల్సిన భాష నేర్చుకోవడానికి నాకే నెల పట్టింది. అప్పుడు ఈ ఆలోచన వచ్చింది. గణితం నా గదిలోని యంత్రంలో నడవాలి. షాపులో గాజు క్యాబిన్ ఒకటి ఉండేది, అందులో డ్రాయింగులు చూసుకోవడానికి ఒక పాత కంప్యూటరు. దానికి బ్రౌజరు తప్ప ఇంకేదీ మోసే ఓపిక లేదు. ఆ బ్రౌజరులో ఒక పేజీ. పైపు కొలతలు ఇచ్చి బటను నొక్కితే, పేజీ వాటిని సాఫ్ట్‌వేరుకు అర్థమయ్యే భాషలోకి మార్చి నా గదికి పంపాలి, జవాబును గీతగా తిరిగి చూపాలి. ఎవరూ ఏ భాషా నేర్చుకోనక్కర్లేదు.

మీకు ఆ గీత సంగతి చెప్పాలి. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి, కత్తెరతో ఏటవాలుగా కోసి, విప్పి చూడండి. అంచు తిన్నగా రాదు, చెరువులో అలలా లేచి పడుతుంది. అలా కోసిన రెండు గొట్టాలను ఎదురెదురుగా పెడితే మోచెయ్యి వంపు వస్తుంది. దాన్ని మేం బెండు అంటాం. ఉస్తాద్ ముప్పై ఏళ్లుగా గీస్తున్నది ఆ అలనే. స్కూల్లో సైన్ అని చెప్పి మమ్మల్ని భయపెట్టింది కూడా అదే అల. ఈ రెండూ ఒకటేనని నాకు ఆ పేజీ చేస్తున్నప్పుడు తెలిసింది. ఇంజనీరింగ్ చదివినవాణ్నని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

నా మొదటి పేజీలో పదకొండు గడులు ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషులో. చాలా గొప్పగా చేశాననుకుని ఉస్తాద్‌ను క్యాబిన్‌లోకి పిలిచాను. ఆయన చేతులు ప్యాంటుకు తుడుచుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏంది సార్ గిది? రేషన్ కార్డు ఫారం లెక్కున్నది."

"పైపు కొలతలు ఇందుల పెడితే గీత అదే గీస్తది ఉస్తాద్. ముందుగాల రేడియస్ చెప్పుండ్రి."

"రేడియస్ అంటే నడిమిట్ల నుంచి అంచు దాకనే గద?"

"అవును."

"పైపు నడిమిట్ల ఏముంటది సార్? గాలి. టేపు గాలికి పట్టాల్నా?"

క్యాబిన్ తలుపు దగ్గర నిలబడ్డ ఫిట్టర్లు గొల్లుమన్నారు. నాకు కోపం వచ్చింది. కానీ ఆయన ఎగతాళికి అనలేదు.

"మాకు దొరికేది సుట్టుకొలత సార్. టేపు సుట్టు తిప్పుత, అయిపాయె. గదే అడుగుమను నీ పెట్టెను."

నిజమే. రేడియస్ నా సాఫ్ట్‌వేరుకు కావాలి, ఆయన చేతికి దొరికేది చుట్టుకొలత. ఒకదాన్నుంచి ఇంకొకటి తీయడం యంత్రం పని, మనిషి పని కాదు. ఆ ఒక్క మాటతో నా పదకొండు గడుల్లో ఏడు ఎగిరిపోయాయి. పేజీలు ఎలా చేయాలో నాకు నేర్పిన గురువు ఎవరని ఎవరైనా అడిగితే నేను ఆ ఖాకీ చొక్కానే చూపిస్తాను. అప్పుడు మాత్రం అలా అనుకోలేదు. ముసలాయన నా పనికి అడ్డం పడుతున్నాడనుకున్నాను. ఆ చిరాకు లోపల ఉండిపోయింది. తర్వాత జరిగిన దానిలో దానికీ వాటా ఉంది.

నాలుగు గడుల పేజీ తయారైంది. తెలుగులో పేర్లు. బటను నొక్కితే ఆరు సెకన్లకు గీత. దాన్ని పరీక్షించడానికి ఉస్తాద్ గీసి కోయించిన ఒక పదహారు మిల్లీమీటర్ల మందం ప్లేటు దగ్గరికి వెళ్లాను. అది ఇంకా చుట్టలేదు, నేల మీద పరిచే ఉంది. స్కేలు పెట్టి ఇరవై నాలుగు చోట్ల ఎత్తులు కొలిచి తెచ్చుకున్నాను. వాటిని నీలం రంగులో, నా పేజీ గీతను ఎరుపు రంగులో వేశాను.

రెండూ కలవలేదు. మధ్యలో కలిశాయి. అల శిఖరం దగ్గర ఉస్తాద్ గీత ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువ. అల అడుగున కూడా ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువ.

మా పనిలో రెండు మిల్లీమీటర్లు తప్పితేనే గొడవ. నేను అదే మందం ఉన్న ఇంకో ప్లేటు కొలిచాను. అక్కడా ఎనిమిదే. అప్పుడు నాకు ఈ మధ్య చూసినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఉస్తాద్ ప్లేటు మీద మునుపటికన్నా కిందికి వంగుతున్నాడు. సుద్దముక్క పక్కనే ఉన్నా చేత్తో తడుముతున్నాడు. ఒకసారి నన్ను చూసి వేరేవాడి పేరుతో పిలిచాడు. లెక్క కుదిరిందనుకున్నాను. మనిషి తప్పులు చేస్తే ఇలా రెండు చోట్లా సరిగ్గా ఎనిమిదే, రెండు ప్లేట్లలోనూ ఎనిమిదే ఎందుకు చేస్తాడని ఒక్క క్షణం ఆలోచించలేదు. చూపు మందగించినవాడి తప్పు అంత క్రమశిక్షణతో ఉండదు. ఇది ఈ రోజు చెప్పగలుగుతున్నాను. ఆ రోజు నేరుగా వర్క్స్ మేనేజరు గదికి వెళ్లాను.

"సార్, ఉస్తాద్‌కు కండ్లు సరిగ కనబడ్తలేవేమో," అన్నాను.

మేనేజరు హైదరాబాదు పాతబస్తీ పక్కన పెరిగిన మనిషి. ముక్కుసూటి. కాగితం మీద నా రెండు గీతలు చూశాడు. ముఖం మారిపోయింది. అప్పటికే ఒక పెద్ద స్టీలు పని మా దగ్గరికి వస్తోంది. పదహారు మిల్లీమీటర్ల మందం ప్లేటు, ఒక్కటి పాడైనా మళ్లీ తెప్పించడానికి నెలలు పడుతుంది.

"నీ పెట్టె సహీ అని గ్యారంటీ ఏంది?"

"అది లెక్క సార్. లెక్క తప్పది."

"అట్లయితే శనివారం ట్రయల్ పెడదాం. మామూలు ఇనుము ప్లేటే, పదహారు మందందే. ఒక బెండు నీ గీత, ఒక బెండు ఆయన గీత. ఆయనది తప్పని తేలితే స్టోర్సుకు పంపుత. ఇగ మార్కింగ్ ముట్టనియ్య."

నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. స్టోర్సుకు పంపడమంటే ఇనుప బీరువాల మధ్య స్టూలు మీద కూర్చోబెట్టడం. ముప్పై ఏళ్లు తన గీత వెంట షాపును నడిపించిన మనిషిని. కానీ మాట అప్పటికే జారింది. నా పేజీ గెలవాలన్న ఆశ కూడా ఉంది, దాచడం దేనికి.

ట్రయల్ సంగతి ఉస్తాద్‌కు ఎలా చెప్పారో నాకు తెలియదు. ఆయన ఎప్పటిలాగే తన ప్లేటు గీశాడు, నేల తుడిచాడు. నా ప్లేటును నా కొలతల ప్రకారం ఇద్దరు ఫిట్టర్లు గీశారు. రెండూ కోశారు, చుట్టారు.

శనివారం భోజనాల తర్వాత షాపు మొత్తం అక్కడే ఉంది. ముందుగా క్రేన్ నా బెండు రెండు ముక్కలను ఎదురెదురుగా తెచ్చింది. ముక్కలు దగ్గరికొచ్చి ఠంగుమని తాకాయి. పైన తాకాయి, కింద తాకాయి. పక్కల రెండు వైపులా వేలు దూరేంత సందు ఉండిపోయింది. మేనేజరు లోపల టార్చి వెలిగించమన్నాడు. ఆ సందుల్లోంచి వెలుతురు నా చొక్కా మీద పడింది.

"తిప్పి పెట్టుండ్రి," అన్నాను. తిప్పి పెట్టారు. అదే సందు.

తర్వాత ఉస్తాద్ బెండు. క్రేన్ మెల్లగా దించింది. ముక్కలు కలిశాయి. టార్చి వెలిగించారు. చుట్టూ ఒకే మందాన సన్నని వెలుతురు గీత, అతుకుకు ఎంత కావాలో అంతే. బీహార్ నుంచి వచ్చిన మా వెల్డర్ మోకాళ్ల మీద కూర్చుని చుట్టూ చూసి లేచాడు.

"ఉస్తాద్ కా లైన్ సహీ హై సాబ్. బిల్కుల్ సహీ."

మేనేజరు నా వైపు ఒకసారి చూసి తన గది దిక్కు నడిచాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది. అందరూ పనుల్లోకి వెళ్లిపోయారు. నేను ఆ రెండు బెండుల మధ్య నిలబడిపోయాను. తల కొట్టేసినట్టయింది. కానీ నిజం చెప్పాలంటే సిగ్గు కంటే ఎక్కువగా ఇంకోటి నన్ను పట్టుకుంది. లెక్క తప్పలేదు. నాకు అది ఖచ్చితంగా తెలుసు. ఉస్తాద్ గీత కూడా తప్పలేదు, కళ్ల ముందే ఉంది. మరి రెండూ ఎలా నిజం?

టీ వేళకు ఆయన దగ్గరికి వెళ్లి పక్కన కూర్చున్నాను.

"తప్పయింది ఉస్తాద్. మీ గురించి మేనేజర్ సాబ్‌తోని అన్నది నేనే."

"ఎరుకే సార్."

"ఆ ఎనిమిది మిల్లీమీటర్లు ఎందుకు తగ్గించిన్రు?"

ఆయన గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "గా సంగతి చెప్తే ఇగ నా తాన ఏం మిగుల్తది సార్?"

అడగడానికి నాకు హక్కు లేదు. అయినా లేవలేకపోయాను. ఏం చెప్పాలో తోచక ఆ సాఫ్ట్‌వేరు గురించి మొదలుపెట్టాను. దాన్ని నేను చేయలేదని, ఎక్కడెక్కడివాళ్లో చేసి పెట్టారని, తెరిచి ఉంచారని చెప్పాను.

"జీతమెంత ఇస్తరు వాళ్లకు?"

"జీతం లేదు ఉస్తాద్. ఊకెనే రాసిన్రు."

"ఊకెనేనా? నేర్సుకున్న విద్దె ఊకెనే ఇస్తరా ఎవలన్న?" ఆయనకు నమ్మకం కుదరలేదు. "పిచ్చోళ్లా ఏంది? సూపెట్టు జెర."

నా గదికి తీసుకెళ్లాను. లోపలి రాత తెరిచి కిందికి జరుపుతూ పోయాను. ఆయనకు ఒక్క అక్షరం తెలియదు, నాకూ సగమే తెలుసు. జరుపుతున్నాను, జరుపుతున్నాను, అయిపోవడం లేదు. ఆయన నా కుర్చీ వెనక నిలబడి ఆ పాకే అక్షరాల వైపే చూస్తున్నాడు.

"ఇంక ఉన్నదా?"

"ఇంక శానా ఉన్నది."

"గింత రాసి, తుడవకుంట పోయిన్రు," అన్నాడు మెల్లగా.

చెవి మీద సుద్దముక్క తీసి, ఏసీ గది నేల మీద గొంతుకూర్చున్నాడు. మోచెయ్యి వంచి నాకు చూపించాడు.

"గిది బెండు అనుకో. మోచేతి దిక్కు వీపు, లోపటి మడత దిక్కు కడుపు. నీ పెట్టె ప్లేటును కాయితం అనుకుంటున్నది సార్. ప్లేటుకు మందం ఉంటది. కోసిన అంచు సీదాగ ఉంటది. రెండు ముక్కలు కలిసేటప్పుడు వీపు దిక్కు లోపటి మూల ముందుగాల తాకుతది. కడుపు దిక్కు బయటి మూల ముందుగాల తాకుతది. గందుకే వీపుకు లోపటి గీత నుంచి ఎత్తు తియ్యాలె, కడుపుకు బయటి గీత నుంచి తియ్యాలె. పక్కలకు ఏ తేడా లేదు."

నేల మీద బొమ్మ పూర్తయింది. రెండు వలయాలు, ఒకదానిలో ఒకటి. పై సగానికి లోపలి వలయం నుంచి గీతలు, కింది సగానికి బయటి వలయం నుంచి. ఆ తుడిచేసిన నేలల మీద ఇన్నేళ్లూ ఉన్నది ఇదన్నమాట. నా గీత మందానికి సరిగ్గా నడుమ పడింది, పదహారు మందంలో సగం ఎనిమిది. నేను చూపు తప్పు అనుకున్న ఎనిమిది. లెక్కను లెక్కలాగే నమ్మిన నేను ఇనుముకు మందం ఉంటుందని మర్చిపోయాను.

ఆయన చెబుతుండగానే టైపు చేయడం మొదలుపెట్టాను. ఒకే అల కాదు, రెండు సగాల అల. పై సగం ఒక రేడియస్‌తో, కింది సగం ఇంకో రేడియస్‌తో. మొత్తం కలిపి ఒక్క వరుస పెరిగింది. బటను నొక్కాను. ఆరు సెకన్లు ఊపిరి బిగబట్టాను. ఎర్రగీత వచ్చి నీలం గీత మీద పడింది. పై నుంచి కింది దాకా ఎక్కడా ఇసుమంత తేడా లేదు. ఎక్కడో సముద్రాల అవతలివాళ్ల గణితం, ఐదో తరగతి చదివిన ఈయన సుద్దముక్క ఒకే చోటికి చేరాయి. నాకు లేచి ఎవరికైనా దండం పెట్టాలనిపించింది.

"సూడుండ్రి ఉస్తాద్! మీ గీత, దీని గీత, రెండూ ఒక్కటే అయినయి!"

ఆయన తెర దగ్గరికి వచ్చాడు. ముఖం జానెడు దూరానికి పెట్టాడు.

"ఒక్కటే కనబడ్తున్నది సార్. రెండోదేది?"

"దాని మీదనే పడ్డది."

"జెర పక్కకు జరుపు. సూస్త."

నేను సంతోషంతో ఎర్రగీతను వేలు మందం పైకి జరిపాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ ఒక్కటే," అన్నాడు.

ఇంకా జరిపాను, మరో రెండు వేళ్ల మేర. తెర మీద రెండు గీతలు స్పష్టంగా విడివిడిగా ఉన్నాయి. ఆయన కళ్లు చికిలించి చూస్తూనే ఉన్నాడు. నా చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగడంతో ఆయనకు సంగతి అర్థమైంది.

"నువ్వు సాబ్‌తోని చెప్పింది అబద్ధం గాదు సార్," అన్నాడు. జేబులోంచి తన స్టీలు స్కేలు తీసి నా చేతిలో పెట్టాడు. అంచు వెంట ప్రతి పది మిల్లీమీటర్లకు ఆకురాయితో ఒక గాటు, ఐదుకు చిన్న గాటు. "గోరుతోని లెక్కపెడ్త. రెండేండ్ల సంది. చుక్కలు వేలితోని తడుముకుంట పట్టీ వంచుత."

ఆ స్కేలు గాట్ల మీద నేనూ గోరు నడిపి చూశాను. టార్చి వెలుతురులో చుట్టూ ఒకే మందాన ఉన్న ఆ అతుకును చూపు సరిగా లేని మనిషి గోరుతో గీశాడు. నా జీవితంలో నేను చూసిన వింతలన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు.

"నేనెవ్వరికీ చెప్ప ఉస్తాద్. ఒట్టు."

"ఎందుకు చెప్పవు? ఇనుము మీద నడిచింది. వచ్చేది స్టీలు ప్లేటు. గోరు తప్పితే?" ఆయన స్కేలు తీసుకుని లేచాడు. "నా పేరు మీద ఒక ప్లేటు ఖరాబు కాలే ఇంతవరకు. పోయేముంగట కానియ్య."

సోమవారం పొద్దున ఆయన మేనేజరు గదికి తనే వెళ్లాడు. నన్నూ రమ్మన్నాడు. ట్రయల్ గెలిచిన మనిషి, ఎవరూ అడగలేదు, దాచుకుంటే మూడేళ్లు ఎలాగో వెళ్లిపోయేవి. నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనేజరు పెన్ను కింద పెట్టేశాడు.

"మరి నన్నేం చెయ్యమంటవ్ ఉస్తాద్? చూపు లేని మనిషికి స్టీలు ప్లేటు ఎట్ల అప్పజెప్పాలె?"

"గీసుడు ఫిట్టర్లు గీయనియ్యుండ్రి సాబ్. కొలతలు సార్ పెట్టె తీస్తది. ఆ పెట్టెకు ఏం అడగాల్నో నేను చెప్త. అతికే ముంగట నేను సూస్త."

"ఏంతోని చూస్తవ్?"

ఉస్తాద్ జేబులో స్కేలు సర్దుకున్నాడు. మేనేజరు పెన్ను మళ్లీ తీసుకున్నాడు. "ఈ ఒక్క పని," అన్నాడు చివరికి. "ఇందుల తేడా వచ్చిందో, స్టోర్సే. నన్ను అడగొద్దు మళ్ల."

ఆ తర్వాతి మూడు వారాలు నేను ఉద్యోగం చేశానని చెప్పుకోదగ్గ రోజులు. ఆయన నా గదిలో కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కొక్కటే చెప్పేవాడు. మొదట మందం అడగాలి, చుట్టుకొలత తర్వాత. చుట్టుకొలత లోపల పట్టారా బయట పట్టారా అని అడగాలి. కోణం డిగ్రీల్లో అడిగితే షాపులో ఎవరూ చెప్పలేరు, మూరకు ఎంత వాలు అని అడగాలి. జవాబును గీతగా చూపితే చాలదు, ఏ నిలువుకు ఎంత ఎత్తో అంకెలు కావాలి, చదివి వినిపించడానికి వీలుగా. నేను చదివేవాణ్ని. ఆయన వింటూ, కళ్లు మూసుకుని, గాలిలో వేలితో ఆ అల గీసేవాడు. ఒకచోట వేలు ఆగేది. "గా అంకె మళ్ల సూడు" అనేవాడు. చూస్తే నేను తప్పు టైపు చేసి ఉండేవాణ్ని. ప్రతిసారీ. గణితం రాని ఆ మనిషి తలలో అల మొత్తం ఉండేది.

పిల్లలూ, మీ దగ్గర ఇప్పుడు ఎన్ని రకాల సాధనాలున్నాయో నాకు తెలుసు. పేజీలు మీరు నాకన్నా వందరెట్లు అందంగా చేస్తారు. ఒక్క మాట మాత్రం చెబుతాను. మీ పేజీ జవాబుకూ పనివాడి చేతికీ తేడా వస్తే, ముందు ఆ చేతిని అడగండి. నేను ఆ క్రమం తలకిందులు చేసి ఒక మనిషిని స్టోర్సు గుమ్మం దాకా పంపాను.

స్టీలు బెండు కలిపే రోజు వచ్చింది. ఈసారి షాపులో ఎవరూ జోకులు వేయలేదు. మేనేజరు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఫిట్టర్లు గీసిన గీతలు, నా పేజీ అంకెలు, ఉస్తాద్ ప్రశ్నలు, అన్నీ కలిసి ఆ రెండు మెరిసే ముక్కల్లో ఉన్నాయి. క్రేన్ దించింది. ముక్కలు దగ్గరికొచ్చి నిలిచాయి. ఒకాయన టార్చి తెచ్చాడు.

"వద్దు," అన్నాడు ఉస్తాద్.

చొక్కా చేతులు మడుచుకున్నాడు. కుడిచేతి చూపుడువేలు అతుకు సందు మీద పెట్టాడు. కళ్లు మూసుకుని బెండు చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. వీపు మీదుగా, పక్కకు, వంగి కడుపు కిందికి. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని, వేలు తీయకుండా పాకాడు. రోలింగ్ మిషను ఎవరో ఆపేశారు. కడుపు దగ్గర వేలు ఒకచోట ఆగింది. వేలు కదిలింది. మళ్లీ పక్కకు, పైకి, వీపు దాకా.

బయలుదేరిన చోటికి వేలు వచ్చి చేరింది. ఆయన కళ్లు తెరిచి, ఎవరి వైపూ చూడకుండా చెయ్యి తీశాడు.

"టాకు కొట్టుండ్రి, ఇగ అతకొచ్చు," అన్నాడు.

వెల్డర్ ముఖానికి అద్దం దించుకున్నాడు.